దసరాకు ఫీజు, ఉగాదికి సుగ్గి డబ్బు

నర్సింగ్‌లో చేరతానన్న అమ్మాయిని చుట్టాలు అడిగే మొదటి మాట, "ఫీజు ఎంతంట?" రెండోది కాస్త ఆశగా, "స్టైపెండు ఇస్తారంట కదా?" రెండూ అడగాల్సినవే. ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది: ఆ డబ్బు మనం ఏ నెలలో కట్టాలి, మన చేతికి ఏ నెలలో వస్తుంది? ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లలో నర్సింగ్ చదువు సగంలో ఆపేసిన ఇళ్లను కదిపితే, ఎక్కువమంది దెబ్బతిన్నది ఇక్కడే. అందుకే ముందు నెలల సంగతి, తర్వాత రూపాయల సంగతి.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం, హొళగుంద మండలాల్లో సేద్యం చాలావరకు వానను నమ్ముకున్నదే. సొంత చేలో పత్తి తీత ముగిసేసరికి ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, తెలంగాణ జిల్లాలకు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడం పనులకు బయల్దేరతారు. సుగ్గికి పోవడం అంటే అదే. తిరిగి ఊరు చేరేది ఉగాదికి. ఆ రోజు చేతిలో ఉన్న మొత్తమే ఆ ఇంటికి ఏడాది ఆధారం. ఎమ్మిగనూరు మగ్గం ఇంట్లో లెక్క మరోలా ఉంటుంది. చీర దిగితేనే కూలి, ఆర్డరు తగ్గితే అదీ లేదు. ఆదోని మార్కెట్ యార్డులో హమాలీకి పత్తి, చెనిక్కాయలు దండిగా దిగే నెలల్లో నాలుగు డబ్బులు కనపడతాయి. మిగతా నెలల్లో చేతులు కట్టుకుని కూర్చోవడమే.

నర్సింగ్ అడ్మిషన్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో సాగి ఒక్కో ఏడాది దసరా దాటిపోతాయి. అప్పటికి పత్తికాయ సరిగ్గా పగిలి ఉండదు. పోయిన ఉగాదికి తెచ్చిన డబ్బు విత్తనాలకు, ఎరువులకు, పాత బాకీలకు కరిగిపోయి ఉంటుంది. సరిగ్గా ఇంట్లో చిల్లిగవ్వ లేని ఆ రోజుల్లో కాలేజీ వాళ్లు ఫీజు, హాస్టల్ అడ్వాన్సు, యూనిఫాం డబ్బు అంతా ఒక్కసారే అడుగుతారు. ఇంటి పెద్దలకు అప్పుడు రెండే దారులు కనపడతాయి. ఊళ్లో వడ్డీకి తేవడం, లేదా కూలీల మేస్త్రీ దగ్గర సుగ్గి అడ్వాన్సు పట్టడం.

మొదటి దారి లెక్క వేయడం సులువు. ఉదాహరణకు 60,000 అనుకుందాం. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అంటే నెలకు 1,800. దసరా నుంచి ఉగాదికి ఆరు నెలలు, 10,800. ఫీజు 60,000 అని మనం ఊరంతా చెప్పుకుంటున్నాం గానీ కట్టింది 70,800. రెండో దారి ఖరీదు కాగితం మీద కనపడదు. అడ్వాన్సు పట్టిన తల్లికి కూలి రేటు మాట్లాడుకునే వీలు ఆ రోజే పోతుంది. జ్వరమొచ్చినా తోటలోకి దిగాల్సిందే. కూతురు నలుగురికి సేవ చేసే చదువు చదవడానికి తల్లి తన ఒంటిని కుదువ పెట్టాల్సి రావడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

క్యాలెండరు వెనక రాసే లెక్క

పాత గోడ క్యాలెండరు ఒకటి తీసి, వెనక తెల్లటి వైపు పన్నెండు నెలలు పక్కపక్కన రాయండి. ఒక్కో నెల కింద రెండు గళ్లు: రాక, పోక. ఈ పని ఇంటర్ రెండో ఏడాది ఉగాదికే చేయాలి, సీటు వచ్చాక కాదు.

రాక గడిలో ఇంటికి నిజంగా డబ్బు వచ్చే నెలలే రాయండి. పత్తి అమ్మేది నవంబరు, డిసెంబరు. సుగ్గి డబ్బు మార్చి, ఏప్రిల్. మగ్గం కూలి ఎంత తగ్గినా వచ్చేంత మొత్తం. స్కాలర్‌షిప్పు గడి దగ్గర జాగ్రత్త. ప్రభుత్వం ప్రకటించిన నెల రాయకండి. చేరాలనుకున్న కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న అక్కను పట్టుకుని, "నీకు పోయినసారి ఎప్పుడు పడింది?" అని అడిగి ఆ నెల రాయండి. పడలేదంటే గడి ఖాళీగానే వదిలేయండి.

పోక గడిలో ఫీజు, పరీక్ష ఫీజు, ప్రతి నెలా మెస్ బిల్లు. ఇవి రాసేసరికి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పోక నిండిపోయి, రాక ఖాళీగా కనపడుతుంది. ఆ గుంతను పూడ్చే పని ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి. సుగ్గి నుంచి వచ్చిన వారంలోనే, బాకీల వాళ్లు గడప తొక్కక ముందే, ఫీజులో కనీసం సగం విడిగా తీసి అమ్మాయి పేరు మీద పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేయాలి. ఇంట్లో బీరువాలో ఉన్న డబ్బు విత్తనాల నాటికి మిగలదు. మిగతా సగానికి కాలేజీని వాయిదా అడగాలి. డిసెంబరులో పత్తి అమ్మాక కొంత, ఏప్రిల్‌లో కొంత. సీట్లు నిండని కాలేజీ వాయిదాలకు తరచూ ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న తేదీలు రసీదు మీద రాయించుకోవడం మాత్రం మన పని.

ఇంకో సంగతి. సుగ్గికి పోయే వాళ్ల పిల్లలకు బడి చదువుల్లో సీజనల్ హాస్టళ్లున్నాయి. కస్తూర్బా విద్యాలయంలో చదివిన అమ్మాయికైతే పుస్తకం, భోజనం, బట్ట, సబ్బు అన్నీ అక్కడే అమరాయి. ఇంటర్ దాటగానే ఈ ఆసరా ఒక్కసారిగా ఆగిపోతుంది. అంతవరకు చేత్తో డబ్బు లెక్కపెట్టని పిల్ల ఒక్కసారిగా నెల ఖర్చు తానే నడుపుకోవాలి. ఆమెకు లెక్కలు రావని కాదు, అలవాటు లేదంతే. మొదటి మూడు నెలలు ప్రతి రూపాయీ నోటుబుక్కులో రాస్తే అలవాటవుతుంది.

స్టైపెండు మీద ఆశ ఎంతవరకు

నర్సింగ్ విద్యార్థి చేతిలో కాస్త డబ్బు పెట్టడం కొత్త సంగతి కాదు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట బడి మొదలైనప్పుడు అక్కడ చేరిన అమ్మాయిలకు వసతి, భోజనం, యూనిఫాంతో పాటు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చేవారు. వార్డులో చేసే పనికి అది ఓ గుర్తింపు. అదే ఇంగ్లండ్‌లో 2017లో నర్సింగ్ విద్యార్థులకిచ్చే బర్సరీ (చదువు భృతి) ఎత్తేసి అప్పు తెచ్చుకోమన్నారు. 2020లో మళ్లీ ఏడాదికి 5,000 పౌండ్ల గ్రాంటు మొదలుపెట్టారు. అంటే అక్కడా ఇదింకా తేలని పంచాయితీయే.

మన పక్కన తెలంగాణలో ప్రభుత్వ నర్సింగ్ విద్యార్థుల నెలవారీ స్టైపెండు 2022లో పెంచారు. మొదటి ఏడాది 1,500 నుంచి 5,000కు, రెండో ఏడాది 1,700 నుంచి 6,000కు, మూడో ఏడాది 1,900 నుంచి 7,000కు, బీఎస్సీ నాలుగో ఏడాది 2,200 నుంచి 8,000కు. పాత అంకెలు చూస్తే ఎన్నేళ్లు ఎంత తక్కువతో నెట్టుకొచ్చారో తెలుస్తుంది. రోజుకు 50 రూపాయలు! ఉగ్గాని, బజ్జీ, టీకే సరి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం పోగొట్టుకోవాలి. స్టైపెండు మాట ప్రధానంగా ప్రభుత్వ స్కూళ్లు, కాలేజీలకు సంబంధించింది. ప్రైవేటు కాలేజీలో చేరిన అమ్మాయి సాధారణంగా ఫీజు కట్టి మరీ వార్డులో పని నేర్చుకుంటుంది. "స్టైపెండు ఉంది" అని ఏజెంటు నోటితో చెబితే లెక్కలోకి తీసుకోకండి. ఎంత, ఎన్నో ఏడాది నుంచి, ఎవరి ఖాతాలో అన్నది కాగితం మీద ఉంటేనే రాక గడిలో రాయండి. అందుకే మార్కులు అందినంతవరకు కర్నూలు సర్వజన ఆసుపత్రి వంటి చోట ప్రభుత్వ సీటు కోసం ప్రయత్నించడం నా సలహా. ఒక ఏడాది ఆలస్యమైనా సరే.

వార్డు పనిని చిన్నదిగా చూసేవాళ్లకు ఒక్క అంకె చాలు. బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్పే. 22 వారాలు, వారానికి 48 గంటలు. ఆ నెలల్లో బయట పార్ట్‌టైం చేసుకుని ఖర్చు వెళ్లదీస్తానని ఎవరైనా అంటే ఆ లెక్క ముందే తప్పు.

ప్రాస్పెక్టస్‌లో కనపడని ఖర్చు

ఫీజు కాగితంలో ఉండేవి పెద్ద అంకెలు. మనిషిని విసిగించేవి చిన్నవి.

మొదటి నెలలో కొనాల్సినవి చూడండి. యూనిఫాం కనీసం రెండు జతలు. ఒకటే ఉంటే రక్తం మరక పడ్డ రోజు మర్నాటి డ్యూటీకి తడి బట్టతో పోవాలి. తెల్ల బూట్లు, మేజోళ్లు. సెకన్ల ముల్లున్న వాచీ. నాడి లెక్కపెట్టాలి కాబట్టి ఫోను చూసుకుంటానంటే సిస్టర్ ఊరుకోదు. కత్తెర, చిన్న టార్చి, జేబులో పెట్టుకునే నోటుబుక్కు. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనివి రికార్డులు. ఒక్కో సబ్జెక్టుకు రికార్డు, కేస్ స్టడీలు, చార్టులు, కమ్యూనిటీ పోస్టింగ్‌కు పోయినప్పుడు ఊళ్లో చూపించే మోడళ్లు. అట్టలు, స్కెచ్‌పెన్నులు, జెరాక్సులు, బైండింగ్. పరీక్షల ముందు ఆ పదిహేను రోజుల్లో జెరాక్స్ షాపుకు పోయే డబ్బు ఏ కాలేజీ ఫీజు కాగితంలోనూ ఉండదు. దీనికో మందుంది. సీనియర్ల దగ్గర పుస్తకాలు సగం ధరకు తీసుకోవడం, నలుగురూ కలిసి ఒక సెట్టు కొనుక్కోవడం. ఎమ్మిగనూరు పిల్లలకు ఇది నేర్పాలా? 1938లోనే మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. ఒక్కడి వల్ల కానిది పదిమంది కలిస్తే అవుతుందని ఆ ఊరికి తాతల నాడే తెలుసు.

పెద్ద దెబ్బ మానసిక ఆసుపత్రి పోస్టింగ్ దగ్గర తగులుతుంది. నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎంలో రెండో ఏడాది మెంటల్ హెల్త్ నర్సింగ్ ఉంటుంది. దానికోసం విద్యార్థులను వారాల తరబడి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, మరో పెద్ద ఊరి ఆసుపత్రికో పంపుతారు. ఆదోని నుంచి విశాఖ అంటే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు. రైలు ఛార్జీ, అక్కడ గది, భోజనం, ఇక్కడ హాస్టల్ గదికి ఆగని అద్దె. ఈ పోస్టింగ్ ఏ నెలలో వస్తుందో చేరేటప్పుడే అడిగి క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.

తిండి గురించి ఒక్క మాట. నైట్ డ్యూటీ నాడు మెస్ తలుపులు మూసేస్తారు, ఆకలి మాత్రం రాత్రి రెండింటికి లేస్తుంది. క్యాంటీన్‌లో టీ, బిస్కట్లతో గడిపితే నెలకు ఎంతవుతుందో రాసి చూడండి. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు పెట్టెలో ఉంటే డబ్బు మిగులుతుంది, కడుపూ నిండుతుంది. గట్టిగా కాల్చి ఆరబెట్టిన రాయలసీమ జొన్నరొట్టె వారం రోజులు చెక్కుచెదరదు. ఇది పొదుపు చిట్కా అనుకోకండి, ఆ డ్యూటీ చేసే ఒంటికి కావాల్సిన తిండి అది.

మందుల ఖర్చులో ఒకటి మాత్రం ఎగ్గొట్టకూడదు. హెపటైటిస్ బి టీకా. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డులో సూది పట్టకముందే మొదటిది పడాలి. కాలేజీ వేయిస్తుందా అని అడగండి. వేయించకపోతే మీరే వేయించుకోండి. వాడిన సూది పొరపాటున గుచ్చుకుంటే దాచకండి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. తిడతారని భయపడి ఊరుకునే అమ్మాయిలే ఎక్కువ. తిట్టు రెండు నిమిషాలు.

ఆఫీసు గదిలో ఏం మాట్లాడాలి

ముందు ఒక హెచ్చరిక. చిన్న ఊళ్ల ప్రైవేటు ఆసుపత్రుల్లో పదో తరగతి అయిన అమ్మాయిని "నర్సింగ్ ట్రైనింగ్" పేరుతో పెట్టుకుని, నెలకు ఏదో ఇచ్చి, రెండేళ్లు ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు అన్నీ చేయించి, చివర్లో ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఓ సర్టిఫికెట్ రాసిచ్చే పద్ధతి ఉంది. ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనిదే రేపు ఎక్కడా నర్సు కాలేరు. నెలనెలా వచ్చే ఆ కాస్త డబ్బు ఇంట్లో అక్కరకొస్తుంది నిజమే. కానీ రెండేళ్ల తర్వాత పిల్ల వయసు రెండేళ్లు పెరుగుతుంది, చదువు అక్కడే ఉంటుంది. ఇష్టమైతే దాన్ని ఉద్యోగం అనుకుని చేయండి, చదువని మాత్రం మోసపోకండి. ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ ఏదైనా సరే, కౌన్సిల్ గుర్తింపు, బీఎస్సీకైతే విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉన్నాయో లేవో చూశాకే ముందుకు పోవాలి. బళ్లారి, రాయచూరు, బెంగళూరు కాలేజీలకు ఏజెంటు తీసుకుపోతే, "మన రాష్ట్రం కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవుతుందా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇక కాలేజీ ఆఫీసు. తల్లిదండ్రులు అక్కడ నిలబడే తీరు నాకు బాధగా ఉంటుంది. మార్కెట్ యార్డులో క్వింటాలుకు 50 రూపాయల కోసం గంట సేపు వాదించే మనిషి ఇక్కడ నోరు విప్పడు. మాట ఇలా సాగవచ్చు.

"సార్, రెండో ఏడాది ఫీజు యా నెలలో కట్టాల?"

"అవన్నీ తర్వాత చూద్దాంలే పెద్దాయనా, ముందు సర్టిఫికెట్లు ఇవ్వు."

"ఇస్తాం సార్. ఏమేం తీసుకున్నారో ముద్ర వేసి ఒక కాగితం ఇయ్యండి. మా పాప మధ్యలో మానుకుంటే ఎంత కట్టాలో కూడా రాసియ్యండి."

ఇంతే. గొంతు పెంచాల్సిన పనిలేదు. ప్రాక్టికల్స్‌కు ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు, రోజూ పోయే బండి ఖర్చు ఎవరిది, ఆ ఆసుపత్రికి పడకలెన్ని అన్నవి కూడా అప్పుడే అడగండి. కౌన్సిల్ నిబంధనల ప్రకారం కొత్తగా పెట్టే నర్సింగ్ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. రోగులు లేని ఆసుపత్రిలో మూడేళ్లు తిరిగిన అమ్మాయికి సర్టిఫికెట్ వస్తుంది గానీ చెయ్యి తిరగదు. చెయ్యి తిరగని నర్సుకు జీతం అడిగే ధైర్యమూ రాదు. బాండు పేపరు మీద సంతకం పెట్టమంటే ఇంటికి తీసుకుపోయి, చదివించుకుని, మర్నాడు రండి.

ఆసరాలు

ఫీజు రీయింబర్స్‌మెంటుకు, వసతి ఖర్చుకు ప్రభుత్వం మారినప్పుడల్లా పేర్లు మారుతుంటాయి. విద్యా దీవెన, వసతి దీవెన 2024 తర్వాత ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అయ్యాయి. 2020లో వసతి దీవెన మొదలైనప్పుడు డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000, రెండు విడతలుగా. పది నెలలకు పంచితే నెలకు 2,000. మెస్ బిల్లు మొత్తం తీరదు, కొంత తీరుతుంది. హాజరు 75 శాతం కంటే తగ్గితే అదీ పోతుంది. మేనేజ్‌మెంట్ కోటాకు ఈ ఆశ పెట్టుకోకండి. కాలేజీ పేరు జ్ఞానభూమి పోర్టల్‌లో ఉందో లేదో సచివాలయంలో అడిగితే చెబుతారు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి 30 కిలోమీటర్లు అటూఇటూ. రోజూ తిరిగే అమ్మాయికి ఇది హాస్టల్ ఖర్చునే మిగల్చవచ్చు. కానీ పొద్దున డ్యూటీకి అందే బస్సు ఉందా, సాయంత్రం షిఫ్టు దిగాక చివరి బస్సు ఎన్నింటికి అన్నది చూసుకుని తేల్చుకోవాలి. ఇంటర్న్‌షిప్ నెలల్లో మాత్రం ఆసుపత్రి దగ్గరే గది మేలు. ఈ ఉచితం రాష్ట్రం దాటి పనిచేయదు. బళ్లారి సీటుకూ కర్నూలు సీటుకూ మధ్య ఊగిసలాడేవాళ్లు ఇదీ లెక్కలో వేసుకోవచ్చు.

అప్పు తప్పదనుకుంటే ముందు బ్యాంకు గడప తొక్కండి. విద్యా రుణంలో 4 లక్షల దాకా మన వాటా డబ్బు అడగరు, 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు. చదువు అయ్యేదాకా, ఆపైన కొంత గడువు దాకా వాయిదాలు ఉండవు. మేనేజరు తిప్పుతాడు, నిజమే. అమ్మ పొదుపు సంఘంలో ఉంటే స్త్రీనిధి రుణం గురించి కూడా అడగండి. నూటికి 3 రూపాయల వడ్డీ ఏడాదికి 36 శాతం. దాని ముందు ఈ తిరగడం ఎంత?

చదువు అయ్యాక

ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశించాక కేంద్రం కమిటీ వేసింది. కమిటీ చెప్పింది ఇదీ: 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం. 100 నుంచి 200 పడకలైతే అంతకు 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు అయితే కనీసం నెలకు 20,000. ఆదోని, ఎమ్మిగనూరుల్లో నర్సింగ్ హోంలు ఎక్కువగా చిన్నవే కాబట్టి మనకు పనికొచ్చే గీత చివరిది. కేరళ 2018 ఏప్రిల్‌లో 20,000ను కనీస వేతనంగా ఉత్తర్వు చేసింది. తక్కిన చాలా చోట్ల ఇది సిఫారసుగానే మిగిలింది కాబట్టి చట్టం చూపించి అడగలేం. అయినా ఆ అంకె తెలిసి మాట్లాడే మనిషికీ, "మీ దయ సార్" అనే మనిషికీ తేడా ఉంటుంది. ఎంత ఇస్తారు, నైట్లు నెలకెన్ని, వారంలో ఆఫ్ ఉందా, పీఎఫ్ పడుతుందా అన్నవి రాతలో అడగండి.

క్యాలెండరులో చివరి గడి ఒకటి మిగిలింది. పరీక్ష రాసిన రోజుకూ మొదటి జీతం రోజుకూ మధ్య ఖాళీ నెలలుంటాయి. ఫలితాలు రావాలి, సర్టిఫికెట్లు చేతికందాలి, కౌన్సిల్‌కు ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, అందుకు విజయవాడ ప్రయాణాలు పడవచ్చు. స్టైపెండు, స్కాలర్‌షిప్పు అన్నీ అప్పటికే ఆగిపోయి ఉంటాయి. కాలేజీలో బాకీ ఉంటే సర్టిఫికెట్లు ఆగేదీ అప్పుడే. కాబట్టి ఆఖరి ఏడాది సుగ్గి డబ్బులోంచి ఈ రెండింటికీ, కాలేజీ చివరి బాకీకీ రిజిస్ట్రేషన్ ఖర్చుకీ, ముందే విడిగా తీసిపెట్టండి. పెట్టకపోతే చదువు పూర్తయిన అమ్మాయి కూడా ఆ ఏడాది అమ్మ వెంట మిరప తోటకు పోవాల్సి రావచ్చు.